మూడో వరస దగ్గర ఆలస్యం

అయ్యా, ఆ గ్యోజా కుడుముల పళ్ళెం కాస్త ఇటు జరపండి. చుట్టూ ఉన్నవి మీరు తినండి, మధ్యలో మొలకలు నాకు చాలు.

ఇవాళ మన లినక్స్ సంఘం మీటింగులో నేను చెయ్యాల్సిన ప్రసంగం పేరు ఇదిగో ఈ హిరుమాగారు అచ్చువేయించి గోడకి కూడా అంటించారు. "వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న భార్యతో రవ్వంత ఆలస్యం లేకుండా పియానో వాయించుట ఎలా?" ఆ ప్రసంగం ఉండదు. దాని బదులు జరిగింది చెప్తాను. నవ్వొస్తే నవ్వండి. మా ఆవిడ ఎదురుపడినప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండండి.

మూల కూర్చున్న ఆ ఇద్దరూ కొత్తవాళ్ళలా ఉన్నారు. వాళ్ళ కోసం మొదటినుంచి చెప్తాను. నా పేరు మకినో. మన హమమత్సులో పియానోలు చేసేవాళ్ళుంటారు, వాటికి శ్రుతి సరిచేసేవాళ్ళుంటారు, వాటి మోత భరించేవాళ్ళుంటారు. మా ఆవిడ సుమియే శ్రుతి సరిచేసే మనిషి. నేను ఎలక్ట్రిక్ పియానో కడుపులో ఉండే కంప్యూటరుకి ప్రోగ్రాములు రాస్తాను. అంటే ఎవరూ లెక్కలోకి తీసుకోని రకం.

మా ఇంట్లో పెళ్ళైన దగ్గర్నుంచీ ఒకటే అలవాటు. రాత్రి భోజనానికి ముందు ఇద్దరం పియానో ముందు ఒకే బెంచీ మీద కూర్చుని నాలుగు చేతులతో మూడు దెబ్బల తాళంలో ఒక వాల్ట్జ్ వాయిస్తాం. కుడివైపు ఆవిడ, పాటంతా ఆవిడది. ఎడమవైపు నేను. దుం తక తక, దుం తక తక. సంసారంలోనూ నా వాటా అంతే.

ఆ పాట మూడో వరసలో నా ఎడమచెయ్యి ఉన్నచోటునుంచి ఎగిరి ఎక్కడో దూరాన దిగాలి. అది దిగేసరికి ప్రతిసారీ ఆలస్యమే. ఆవిడ పాట ఆపేది కాదు, మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచేది. ఇరవై ఏడేళ్ళు నాకు తాళం ఆ పోటే.

రెండేళ్ళ కింద ఏప్రిల్లో కంపెనీవాళ్ళు ఆవిణ్ణి ఉత్తరాన మంచు కురిసే సప్పోరో శాఖకి పెద్దగా వేశారు. మామూలుగా మొగుడు బదిలీ మీద వెళ్ళి ఒక్కడే ఇరుకు గదిలో చెయ్యి కాల్చుకుంటాడు, పెళ్ళాం ఇల్లు చూసుకుంటుంది. మా ఇంట్లో అది తిరగబడింది. చుట్టుపక్కల వాళ్ళు నన్ను చూసి "పాపం మకినోగారు" అనడం మొదలుపెట్టారు. ఆవిడ ఇరవై ఏడేళ్ళు నాతో కాపురం చేస్తే ఒక్కరూ ఆవిణ్ణి పాపం అనలేదు.

ఆవిడ వెళ్ళాక మా ఇంట్లో మిగిలిన ఆడగొంతు ఒక్కటే, స్నానాలగది గోడకున్న యంత్రానిది. నీళ్ళు కాగగానే "స్నానానికి నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి" అంటుంది. మొదట్లో ఊరుకునేవాణ్ణి. తర్వాత "వస్తున్నా" అనడం అలవాటైంది. పోను పోను "ఇవాళ కాస్త ఆలస్యమవుతుంది, ఏమీ అనుకోకు" అనేదాకా వచ్చింది. అన్నం కుక్కరుతో ఇంకా చనువు. అది అన్నం ఉడకగానే చిన్న పాట పాడుతుంది కదా, అందుకని దానితో ఆఫీసు విషయాలు కూడా చెప్పేవాణ్ణి.

అక్కడ సప్పోరోలో ఆవిడది ఒక్క గది. గోడలు పల్చన, అందుకని చిన్న ఎలక్ట్రిక్ పియానో పెట్టుకుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తుంది. రోజూ ఏడింటికి కంప్యూటర్లు కలుపుకుని ఆవిడ అక్కడ, నేను ఇక్కడ ఆ వాల్ట్జే వాయించేవాళ్ళం. వాయించేవాళ్ళం అన్నానా, పోట్లాడేవాళ్ళం. నా దుం అక్కడికి చేరేసరికి ఆవిడ తక దాటిపోయేది. ఆవిడ నా కోసం ఆగేది, ఆవిడ ఆగిందని నేను ఆగేవాణ్ణి.

ఫిబ్రవరిలో వాళ్ళ బాస్ ఆవిణ్ణి పిలిచి, ఇంకో రెండేళ్ళు ఉంటారా, ఏప్రిల్లో ఇంటికి వెళ్ళిపోతారా, మార్చి మొదటివారంలోగా చెప్పమన్నాడట. ఆవిడ నన్నడిగింది.

"మీరేమంటారండీ?"

"నాదేముంది. నాకిక్కడ హాయిగా ఉంది. ఉండాలనుంటే ఉండు."

"హాయిగానా?"

"మహా హాయిగా."

"సరే అయితే" అంది.

నిజానికి హాయి అన్నది ఆవిడ ఎక్కిన రైలుతోనే వెళ్ళిపోయింది. కానీ మనిషి ఇన్నేళ్ళకి ఒక శాఖకి పెద్ద అయింది. నేను వచ్చెయ్యి అంటే ఆ ఒక్క మాటకి వచ్చేస్తుంది, నాకు తెలుసు. అందుకే అనకూడదని పళ్ళు బిగబట్టాను. మగవాడు గొప్ప త్యాగం చేస్తున్నప్పుడు చూడ్డానికి ఇంట్లో ఎవరైనా ఉంటే బాగుండేది. కుక్కరొక్కటే ఉంది.

ఆ వారంలోనే ఇంకో దెబ్బ తగిలింది. వాయిస్తూ వాయిస్తూ ఆవిడ చేతులు తీసేసి, ఈ కుస్తీ ఎందుకు, రోజూ కాసేపు మాట్లాడుకుంటే పోలేదా అంది. మాట్లాడుకోవడానికి మా దగ్గర ఏముంది? వానొచ్చిందా, తిన్నావా, చెత్త బయట పెట్టావా. రెండు నిమిషాల్లో అయిపోతుంది. వాయించడమైతే అరగంట. ఆ అరగంట పోతే రోజు మొత్తం మీద నాకు దక్కేది ఆ స్నానాలగది గొంతే.

వెంటనే హిరుమాగారి దగ్గరికి పరిగెత్తాను. మీకు తెలుసుగా, ఈయన్ని మనం మిల్లీసెకండు హిరుమా అంటాం. పెళ్ళిచూపులకి వేళకంటే ముందే వెళ్ళి, పిల్ల ఇంకా రాలేదని లేచి వచ్చేసిన మనిషి. ఇప్పటికీ బ్రహ్మచారే. నవ్వకండి హిరుమాగారూ, మీ గొప్పే చెప్తున్నాను.

ఆయన మా కంప్యూటర్ని చూసి ముందు జాలిపడ్డారు. జబ్బేమిటో నా వంటివాడికి కూడా అర్థమయ్యేట్టు చెప్పారు. మామూలు కంప్యూటరు నూరిళ్ళ పనిమనిషి లాంటిది. పియానో మీట నొక్కారని దానికి తెలుసు, కానీ ఉండండి, ఈ ఉత్తరం చూసొస్తా, ఆ బొమ్మ గీసొస్తా అంటుంది. ఆలస్యమైనా రోజూ ఒకేలా అయితే మనం సర్దుకుంటాం. ఒకసారి ఇంత, ఇంకోసారి అంత అయితేనే తాళం చచ్చిపోతుంది.

ఆయన పాత సరంజామా అంతా తుడిచేసి లినక్స్ ఎక్కించారు. దాని గుండెకాయనే విప్పి, పాట పని వచ్చిందంటే మిగతా పనులన్నీ లేచి నిలబడి దారివ్వాలి అని కట్టడి చేశారు. తర్వాత దారిలో అడ్డమున్నవన్నీ ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టారు. పాత పద్ధతిలో మైకు ముందు ఒక జల్లెడ ఉండేది. ఇంట్లో చప్పుళ్ళన్నీ వడకట్టి మనిషి గొంతు మాత్రం పంపేది. అది కూడా కాస్త ఆలస్యం చేస్తుందని దాన్నీ పీకేశారు. ఇప్పుడు మీ గొంతు గుమ్మపాలంత తాజాగా వెళ్తుంది అన్నారు. ఈ జల్లెడ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఎన్ని పీకినా సప్పోరో సప్పోరోలోనే ఉంది. వెయ్యి కిలోమీటర్ల తీగని హిరుమాగారు కూడా పొట్టి చెయ్యలేరు. ఆవిడకి నేను ఇంకా వెంట్రుకవాసి వెనకే ఉన్నాను. హిరుమాగారు ఇంతకంటే ప్రకృతి ఒప్పుకోదని చెప్పి వెళ్ళిపోయారు. ప్రకృతి ఒప్పుకోకపోతే మోసం ఉంది కదా అని నాకు ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన నా సొంతం, ఈయనకేం సంబంధం లేదు.

నా దుం తక తకని ఒకసారి కంప్యూటర్లో పట్టుకున్నాను. నా తప్పటడుగులన్నిటినీ పట్టి లాగి గీత మీద నిలబెట్టాను. తర్వాత ఒక ప్రోగ్రాము రాశాను. అది ఆవిడ వాయింపు వింటూ ఉంటుంది, తర్వాత తాళం ఎక్కడ పడుతుందో ముందే ఊహించి, దారికి పట్టే సమయం కూడా కలుపుకుని నా వంతుని ముందుగానే పంపేస్తుంది. ఆవిడ చెవి దగ్గరికి రెండూ కలిసే చేరతాయి. మొగుడు వేళకి ఇల్లు చేరినట్టు.

లినక్సులో ఇదంతా కలపడం మీకు తెలిసిందే. తెర మీద పెట్టెలుంటాయి, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి తీగ గీస్తే శబ్దం అటు వెళ్తుంది. నా పియానో తీగని పీకేసి, ఆ ప్రోగ్రాము నుంచి సుమియే పెట్టెకి తీగ గీశాను. వాయించేటప్పుడు మైకెందుకని దాని పెట్టెని మూసేశాను. పాట అయ్యాక మాట్లాడ్డానికి మళ్ళీ తెరిచేవాణ్ణి. ఊఁ, ఏంటి హిరుమాగారూ, తల పట్టుకున్నారు? ఆగండి, ఇంకా ఉంది.

మొదటిరోజు సాయంత్రం ఏడింటికి సుమియే పాట ఎత్తుకుంది. యంత్రం దుం తక తక అందుకుంది. మూడో వరస వచ్చింది. నా చెయ్యి ఏనాడూ వేళకి దిగని చోట యంత్రం ఈకలాగా దిగింది. ఆవిడ ఒక్క క్షణం తడబడింది. తర్వాత చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

పాట అయ్యాక మైకు పెట్టె తెరిచాను.

"ఇవాళ బాగా వాయించారు" అంది.

"ఏదో, సాధన" అన్నాను.

"మళ్ళీ మొదటినుంచి వాయిద్దామా?"

మళ్ళీ వాయించాం. అంటే వాళ్ళిద్దరూ వాయించారు. నేను బెంచీ మీద, నా ఎడమ సగంలోనే కూర్చుని, కుడి సగంలో పళ్ళెం పెట్టుకుని వేడి వేడిగా భోజనం చేశాను. అరగంట ముప్పావుగంట అయింది, ముప్పావుగంట గంట అయింది. కొన్నాళ్ళకి ఆ కుడి సగంలో నా పళ్ళెం, తీగల చుట్టలు, ఉతికిన మేజోళ్ళు, అన్నీ కాపురం పెట్టాయి.

ఆ రోజుల్లోనే మా ఆవిడకి దివ్యదృష్టి వచ్చింది. పాట అయిపోయాక హఠాత్తుగా, ఆ గిన్నె మాడింది కదా, వేడినీళ్ళు పోసి నానబెట్టండి, గోకకండి అనేది. నిజంగానే గిన్నె మాడి ఉండేది. ఇంకోరోజు మేజోళ్ళు వేసుకోండి, జలుబు చేస్తుంది అంది. నా కాళ్ళు అప్పుడు బోసిగానే ఉన్నాయి. కెటిలు మూత వదులైంది, కొత్తది కొనండి అని ఒకరోజు. నేను హిరుమాగారితో కూడా ఆశ్చర్యపోయి చెప్పాను, పెళ్ళాలకి వెయ్యి కిలోమీటర్ల అవతలికి కూడా మాడువాసన కొడుతుందని. ఈయనా అవునంటూ తలూపారు, పెళ్ళి కాకపోయినా.

మొదటి వారం గర్వంగా గడిచింది. రెండో వారంలో నాకు అన్నం సహించడం మానేసింది. ఆవిడ రోజూ మెచ్చుకుంటోంది. ఎంత నిలకడగా వాయిస్తున్నారండీ, మీతో వాయిస్తుంటే ప్రాణానికి సుఖంగా ఉందండీ అంటోంది. ఇన్నేళ్ళలో నాకు దక్కని మెప్పంతా ఇరవై గీతల ప్రోగ్రాము కొట్టేస్తోంది. నా ఇంట్లో, నా పియానో మీద, నా పెళ్ళాంతో అది గంటసేపు సరసంగా వాయిస్తుంటే నేను పక్కన కూర్చుని ఉప్పు ముల్లంగి నములుతున్నాను. అది ఒక్కసారి తప్పు చేస్తుందేమోనని ఆశగా చూసేవాణ్ణి. చెయ్యదు. చెయ్యకుండా రాసింది నేనే.

ఒక సాయంత్రం వాళ్ళిద్దరూ అలా వాయించుకుంటుంటే ఇక ఓర్చుకోలేకపోయాను. కుక్కరు మూత తీసి అన్నం కలుపుతూ దానితో చెప్పుకున్నాను. "హాయిగా ఉందని చెప్పానోయ్. ఏం హాయి, నా మొహం. ఇంకో రెండేళ్ళంటే నా వల్ల కాదు. ఆ మాట ఆవిడతో అనలేను, నీతో అంటున్నాను. నువ్వెవరికీ చెప్పవుగా" అన్నాను. కుక్కరు ఆవిరి వదిలింది.

మర్నాడు గట్టిగా నిర్ణయించుకున్నాను. ఈ యంత్రం నాలాగా ఆలస్యం చెయ్యాలి. ఆవిడ మళ్ళీ విసుక్కోవాలి, అప్పుడు నా స్థానం నాకొస్తుంది. హిరుమాగారికి ఫోన్ చేసి, మూడో వరసలో కొంచెం ఆలస్యం కలపడం ఎలాగండీ అని అడిగాను.

"కలపడమా?" అన్నారు. "మకినోగారూ, నేను ముప్పై ఏళ్ళుగా ఆలస్యాన్ని తీసేసే మనిషిని. నన్ను కలపమంటున్నారా?"

"కొంచెమేనండీ. మనిషి చేసినంత."

"ఏ మనిషి?"

"నేనే."

ఆయన ఫోన్ పెట్టేశారు. ఒక డాక్టర్ని కాస్త జ్వరం ఎక్కించమని అడిగినట్టే అయింది, ఆయన తప్పేం లేదు. నేనే కూర్చుని కలిపాను. కానీ నా ఆలస్యం ఎంతో నాకేం తెలుసు? అది తెలిసింది మా ఆవిడ మోచేతికి. అందాజుగా పాచిక వేసినట్టు ఒకసారి ఇంత, ఒకసారి అంత అని రాసేశాను.

ఆ సాయంత్రం పాట మొదటి రెండు వరసలు బాగానే సాగాయి. మూడో వరసలో యంత్రం ఆగింది. ఆవిడ మర్యాదగా దాని కోసం ఆగింది. యంత్రం ఆవిణ్ణి వింటూ నడిచేది కదా, ఆవిడ నెమ్మదించిందని అదీ నెమ్మదించింది, పైగా దాని ఆలస్యం కలుపుకుంది. అది ఇంకా నెమ్మదించిందని ఆవిడ ఇంకా ఆగింది. లిఫ్టు ముందు ఇద్దరు పెద్దమనుషులు మీరు ముందు, కాదు మీరే ముందు అని వంగి వంగి దణ్ణాలు పెట్టుకున్నట్టు తయారైంది. దుం అన్నాక తక రావడానికి నేను ఒక ముద్ద మింగి ఇంకో ముద్ద కలిపేంత సేపు పట్టింది. చివరికి యంత్రం ఆవిడ కోసం, ఆవిడ యంత్రం కోసం ఎదురుచూస్తూ పాట నిలబడిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను ముల్లంగి ముక్కని కరకరా కొరికాను.

"ఏమండీ" అంది సుమియే గొంతు, "ముందు అది నమిలి మింగండి."

నేను కదలకుండా కూర్చున్నాను. ముక్క నోట్లోనే ఉంది. ఇంతలో గోడ మీది యంత్రం "స్నానానికి నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి" అంది.

"ఆవిడకి జవాబు చెప్పండి" అంది సుమియే. "రోజూ చెప్తారుగా. పాపం ఎదురుచూస్తుంది."

తెర మీద మైకు పెట్టెని తెరిచి చూశాను. పెట్టె మూస్తే తీగ తెగుతుందనుకున్నాను. తీగ ఎక్కడికీ పోలేదు. మైకు నుంచి తిన్నగా సుమియే పెట్టె దాకా, జల్లెడ కూడా లేకుండా, ఈ మూడు వారాలూ నిక్షేపంగా ఉంది. అవును హిరుమాగారూ, తల పట్టుకున్నారే, అందుకే.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదటిరోజు నుంచే. మూడో వరసలో మీరు వేళకి దిగారు. ఇది మనిషి కాదనుకున్నాను. ఇంతలో వెనకాల చెంచా కిందపడింది, ఛీ అన్నారు. అదిగో మనిషి అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆ తీగ పీకేసేవారు."

ఆవిడ మెల్లిగా చెప్పుకుపోయింది. అక్కడ మంచు పడితే ఊళ్ళో ఏ చప్పుడూ ఉండదట. బళ్ళు కూడా దూది మీద నడిచినట్టు వెళ్తాయట. గదిలో తను కదిలితేనే చప్పుడు, కదలకపోతే అదీ లేదు. నేను గిన్నెలు పడేస్తుంటే, తుమ్ముతుంటే, ఆ కెటిలు మూత టకటక కొట్టుకుంటుంటే ఇంట్లో ఉన్నట్టుండేదట. ఆ చప్పుళ్ళు వినాలని మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ మొదటినుంచి అనేదట. ఆ యంత్రం ఎలా వాయించిందో సరిగ్గా విననే లేదట. నేను నిలకడగా వాయిస్తున్నానని మెచ్చుకుందంటే నేను మైకు దగ్గర్నుంచి లేచి పోకుండా కూర్చోవాలనట.

"ఒక్కటి చెప్పండి" అంది. "కుక్కరుకి చెప్పిన మాట నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

నేను ఆవిడ పదవి గురించి, శాఖ గురించి, నా త్యాగం గురించి ఏదో ఎత్తుకోబోయాను.

"పదవి సంగతి నేను చూసుకుంటాను. నేను అడిగింది మీ సంగతి."

ముల్లంగి మింగాను. మైకు నా తలపైనే వేలాడుతోంది. దాని వంక చూడకుండా, పియానో వంక చూస్తూ, "హాయిగా లేదు సుమియే" అన్నాను. "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకేమీ బాగోలేదు." ఇన్నేళ్ళలో అంత పొడుగు మాట నేను ఆవిడతో అనలేదు. అన్నాక చెవులు వేడెక్కాయి.

అటువైపు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. ఆవిడ వైపు జల్లెడ కూడా హిరుమాగారే ఇక్కడ్నుంచి పీకినట్టున్నారు.

"ఆ యంత్రాన్ని పడుకోబెట్టండి" అంది. "మీరు వాయించండి."

తీగలు మార్చాను. బెంచీ ఎడమ సగంలో సర్దుకుని కూర్చున్నాను. దుం తక తక అంటూ బయల్దేరాం. దూరం దూరంగానే ఉంది, ఆవిడ వెంట వెంట్రుకవాసి వెనకే నడిచాను. మూడో వరస రాగానే నా ఎడమచెయ్యి ఎగిరింది, ఎప్పట్లాగే ఆలస్యంగా దిగింది. డొక్కలో పోటు పడుతుందని ఒళ్ళు దానంతటదే ముడుచుకుంది. పోటు పడలేదు. ఆవిడ ఆగింది. నా చెయ్యి దిగేదాకా ఆగి, అప్పుడు కదిలింది. ఎంత ఆగాలో ఆవిడకి తెలుసు.

పాట అయ్యాక మార్చి మొదటివారం సంగతి ఎలా ఎత్తాలా అని నేను గొంతు సవరించుకుంటున్నాను.

"ఏప్రిల్‌లోగా ఆ బెంచీ కుడివైపు పెట్టిన పళ్ళేలూ మేజోళ్ళూ అన్నీ తీసెయ్యండి" అంది. "తడిగుడ్డ పెట్టి తుడవండి. పులుసు మరకలుంటాయి."

"అక్కడ పెట్టానని నీకెలా తెలుసు?"

"నేను కూచునే చెక్క మీద పళ్ళెం పెడితే ఆ చప్పుడు నాకు తెలీదా? మా బాస్‌కి సోమవారమే చెప్పేశాను, ఇంటికి వెళ్ళిపోతున్నానని."

"సోమవారమేనా? మరి ఇందాక నన్ను అంత నిలదీసి..."

"మీ నోటితో వినాలనిపించింది. కుక్కరుకి చెప్తే విన్నది వేరు."

అదండీ సంగతి. హిరుమాగారూ, గోడ మీది ఆ కాగితం తీసెయ్యండి. నా ప్రోగ్రాము కావాలంటే ఎవరైనా తీసుకోండి, ఊరికే ఇస్తాను, మన సంఘం పద్ధతి ప్రకారం. నాకు దానితో పనిలేదు. బెంచీ తుడిచాను. కుడి సగం ఖాళీగా ఉంది, నేను మాత్రం ఎడమవైపే కూచుంటున్నాను.

ఏప్రిల్ ఇంకా రాలేదు కదా. అందుకని మైకు తీగ పీకలేదు, ఇవాళ కూడా వచ్చేటప్పుడు అలాగే వదిలేసి వచ్చాను. ఏడు కావస్తోంది, నేనిక వెళ్ళాలి. వెళ్ళకపోతే సుమియే అక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ స్నానాలగది ఆవిడ ఒక్కతే మాట్లాడుతుంటే వింటూ కూచుంటుంది.